కెరటం వదిలినంత గొలుసు

సముద్రం మీద కాపురం చేసేవాళ్ళకి బోటు పేరే ఇంటిపేరు. బెక్వే దీవిలో, అడ్మిరల్టీ బే అనే అఖాతంలో లంగరు వేసుకున్నవాళ్ళని పట్టుకుని మెర్రిన్ ట్రెవాస్కిస్ ఎక్కడుంటుందని అడిగితే తెల్లమొహం వేస్తారు. పెట్రెల్ మెర్రిన్ అంటే మాత్రం, "నీలం చారల బోటు, ప్రెషర్ కుక్కర్లో రొట్టె కాలుస్తుంది, ఆవిడేగా" అని వేలు పెట్టి చూపిస్తారు. మొగుడి పేరు డెంజిల్. ఇద్దరిదీ కార్న్‌వాల్. పుష్కరకాలంగా ఆ పెట్రెలే వాళ్ళకి ఇల్లూ వాకిలీ, బండీ ఎద్దులూ.

ఆ బేలో రోజూ పొద్దున్నే రేడియో సభ జరుగుతుంది. ఒకరు పెద్దరికం తీసుకుని బోట్లన్నిటినీ పేరుపేరునా పిలుస్తారు. పిలిచినవాళ్ళు పలకాలి. పలకని బోటు దగ్గరికి సభ అయ్యాక ఎవరో ఒకరు రబ్బరు పడవ వేసుకుని వెళ్ళి, బతికున్నారా, బద్ధకించారా అని చూసి వస్తారు. తర్వాత వాతావరణం, ఆ తర్వాత అవసరాలు. ఫలానా పంపుకి రబ్బరు రింగు ఎవరి దగ్గరైనా ఉందా, మామిడిపళ్ళు ఎక్కువైపోయాయి ఎవరికైనా కావాలా, గుడ్లు దొరికే కొట్టు ఇవాళ తెరిచారా. డెంజిల్‌కి ఇదంతా పనిలేని వాళ్ళ యవ్వారం. అందుకని పెట్రెల్ తరఫున పలికేది ఎప్పుడూ మెర్రినే.

మే నెల సగం గడిచింది. తుఫాన్ల కాలం ముంచుకొస్తోందని సభలో అందరి నోటా దక్షిణం మాటే. అటున్న గ్రెనడా దీవి చేరుకుంటే కాస్త నిబ్బరంగా ఉండొచ్చు.

"పెట్రెల్, మీరెప్పుడు కదులుతున్నారు?" అని అడిగింది రేడియో.

"చూస్తున్నాం. ఇంకా ఏమీ అనుకోలేదు," అని చెప్పి మెర్రిన్ మైకు బల్ల మీద పడేసింది. పై అరలోంచి పిండి డబ్బా దించి పక్కన పెట్టింది. పక్కన పెట్టాననుకుంది. బోటు కాస్త ఒరిగింది, మైకు దిండు కిందికి జారింది, డబ్బా వెళ్ళి దిండు మీద, సరిగ్గా మైకు మీట ఉన్నచోట కూర్చుంది. ఆ మీట నొక్కి ఉన్నంతసేపూ గదిలో ఎవరేం మాట్లాడినా బేలోని ప్రతి రేడియోలోనూ వినిపిస్తుంది. మాట్లాడుతున్న రేడియోకి మాత్రం చెవులు మూసుకుపోతాయి. బయట కొంప అంటుకున్నా దానికి తెలీదు. నేల మీద బతికేవాళ్ళకి ఇలాంటి గతి పట్టే అవకాశమే లేదు.

"అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాడు డెంజిల్.

"మరేం చెప్పమంటావు? మా ఆయన భుజం పోయింది, టీ కప్పు కూడా ఎడం చేత్తో ఎత్తుతున్నాడు, అని చెప్పనా?"

"భుజానికేం, బాగానే ఉంది."

"అయితే ఈ డబ్బా నువ్వే దించాల్సింది."

డెంజిల్ మెళ్ళో కట్టు సర్దుకున్నాడు. మొన్నామధ్య సెయింట్ లూసియా దీవిలో, ఈడ్చి కొడుతున్న గాలిలో, అడుగున పట్టేసిన లంగరుతో పంతానికి పోయి గొలుసు లాగాడు. లంగరు వచ్చింది. భుజంలో ఏదో పుటుక్కుమంది. లంగరెత్తే మోటారు కాలిపోయి చాలాకాలమైంది. చేతులుండగా మోటారెందుకని బాగు చేయించలేదు. ఇప్పుడు డాక్టరు ఆ చేతిని మెళ్ళో వేలాడదీశాడు. కోత పడాలి, ఆ తర్వాత కూడా మునుపటి బలం రాదన్నాడు.

"ఒడ్డున దళారీని కలిసొచ్చాను పిల్లా," అన్నాడు చివరికి. అరవై దాటిన మెర్రిన్ ఆయనకి ఇంకా పిల్లే. "బోటు అమ్మేద్దాం."

పిండి కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "నన్నడక్కుండానా?"

"అడిగితే ఏం చెప్తావో తెలుసు. లంగరెవరు ఎత్తుతారు? దార్లో గాలి కమ్ముకొస్తే తెరచాప ఎవరు కుదిస్తారు? నువ్వా?"

"నేనే."

"ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా గొలుసు పట్టుకున్నావా?"

"పట్టుకోనిచ్చావా? ఆ తాడు కాదు ఈ తాడు అని కేకలెయ్యడమే గాని, ఏ తాడు ఎందుకుందో ఒక్కరోజన్నా చెప్పావా?" అంది మెర్రిన్. తర్వాత గొంతు తగ్గించింది. "నాదీ తప్పుందిలే. నువ్వు చూసుకుంటావని హాయిగా రొట్టెలు కాల్చుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు నేర్పు డెంజిల్. నువ్వు పక్కన ఉండి అరవగలిగినప్పుడే నేర్చుకోనీ. ఒడ్డు మీద ఇల్లు నాకొద్దు. అక్కడ పడుకుంటే మంచం కదలదు. నాకు నిద్ర పట్టదు."

"నేనెక్కడ నేర్పను? నేను లాగి చూపిస్తే గదా నువ్వు నేర్చుకునేది."

"పోనీ ఎవర్నన్నా అడుగుదాం."

"ఎవర్ని? పొద్దున్నే మొలమీద గుడ్డ లేకుండా బోటు వెనక నిలబడి ఒళ్ళు తోముకునే ఆ గోంజాగ్‌నా?"

"లీస్‌బెత్ ఉందిగా."

"ఆవిడిచ్చిన ఆ నారింజ జాము, మార్మలేడ్, తిన్నావా?"

మెర్రిన్‌కి అంత బాధలోనూ నవ్వాగలేదు. "తినలేదు. బోటుకి కన్నం పడితే పూడ్చుకోడానికి దాచాను."

డెంజిల్ కూడా నవ్వాడు. నవ్వితే భుజం కలుక్కుమన్నట్టుంది, మొహం చిట్లించుకున్నాడు. "ఎవరికీ చెప్పకు పిల్లా. పెట్రెల్ డెంజిల్ లంగరెత్తలేక పడున్నాడని ఈ బేలో ఒక్కడికి తెలిసినా నేను తలెత్తుకోలేను."

"చెప్పను. కానీ ఒక మాట. ఈ నెలాఖరులోగా లంగరు నేనొక్కదాన్నే ఎత్తితే దక్షిణం పోదాం. ఎత్తలేకపోతే దళారీకి ఫోన్ చేసుకో. నేను నోరెత్తను."

"సరే," అని ముందుగదిలోకి పోయి తలుపేసుకున్నాడు డెంజిల్. ఎవరికీ చెప్పనన్న ఆ ఒప్పందాన్ని బేలో ఉన్న బోట్లన్నీ చెవులు రిక్కించి విన్నాయి.

కాసేపటికి ఎవరో బోటు పక్కన టకటకా తట్టారు. మెర్రిన్ పైకి వచ్చి చూస్తే రబ్బరు పడవలో గోంజాగ్. పక్క బోటు ఫ్రెంచి పెద్దమనిషి. ఆ ఎండలో మెడ దాకా బొత్తాలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, కాళ్ళకి బూట్లతో సహా వేసుకొచ్చాడు. ఆయన్ని అన్ని బట్టల్లో చూడ్డం ఆ బేలో అదే మొదలు.

"మేడమ్," అన్నాడు మెల్లగా, "మీ మైకు మీట ఎక్కడో నొక్కుకున్నట్టుంది. చూసుకోండి."

మెర్రిన్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతికంటిన పిండి గౌనుకి తుడుచుకుంది. ఆయన చొక్కా కేసి చూసింది. చూసిన కొద్దీ ఇంకా అర్థమైంది.

"ఎంతవరకు విన్నారు?"

"నేనా? ఏమీ వినలేదు. కాఫీ పడేదాకా నాకు ఇంగ్లీషు రాదు," అని గోంజాగ్ బుద్ధిగా పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మెర్రిన్ లోపలికెళ్ళి డబ్బా తీసేసి, ఆ పూటంతా డెక్ మీదికి రాలేదు. రొట్టె మాడింది. ఎవరి మొహం ఎలా చూడాలో తెలియక, చేతులు ఊరుకోక, గుడ్లన్నిటినీ రెండోసారి తిరగేసింది. బోటు మీద గుడ్లు పాడవకుండా ఉండాలంటే రోజుకోసారి తిరగెయ్యాలి. రెండుసార్లు తిరగేస్తే వచ్చే లాభమేమీ లేదు.

మధ్యాహ్నం లీస్‌బెత్ వచ్చింది. డచ్చి మనిషి, డెబ్బై ఏళ్ళు, ఎండుగడ్డిలా బక్కపలచగా ఉంటుంది. వ్లిండర్ అనే చిన్న బోటులో ఒంటరిగా తిరుగుతుంది. పడవలోంచే తాడు అందుకుని, డెంజిల్ వినేలా గట్టిగా అంది.

"మెర్రిన్, నా లంగరు అడుగున దేనికో చుట్టుకుందేమోనని అనుమానంగా ఉంది. ఒంటరిదాన్ని. కాస్త వచ్చి చెయ్యి వెయ్యవూ?"

మూడు మహాసముద్రాల్లో ఒంటిచేత్తో లంగరేసి ఎత్తుకున్న మనిషికి సాయం కావాలట. మెర్రిన్ వెళ్ళి పడవలో కూర్చుంది. దారిలో ధైర్యం కూడగట్టుకుంది.

"లీస్‌బెత్, ఆ మార్మలేడ్ సంగతి..."

"ఇక్కడి నారింజలు మంచివి కావు," అంది లీస్‌బెత్. మళ్ళీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

వ్లిండర్ ముందు భాగాన కూడా పెట్రెల్‌లో ఉన్నటువంటి, లంగరెత్తే పాతకాలపు చేతి గిర్రే ఉంది. మీట ముందుకీ వెనక్కీ ఆడిస్తే గొలుసు పైకొస్తుంది. మెర్రిన్ చీర కుచ్చెళ్ళు దోపినట్టు గౌను అంచు నడుముకి దోపుకుని, డెంజిల్ ఎలా చేస్తాడో అలాగే బిగబట్టి లాగింది. నాలుగు లాగులకే ఊపిరి అందలేదు.

"ఎవరితో కుస్తీ పడుతున్నావు?" అంది లీస్‌బెత్. "ఈ బోటు నీకన్నా వందరెట్లు బరువు. దాన్ని నువ్వు లాగలేవు. మీ ఆయనా లాగలేడు. లాగాననుకున్నాడు కాబట్టే భుజం పోయింది. గొలుసు కేసి చూడు."

మెర్రిన్ చూసింది.

"కెరటం వస్తే బోటు తలెత్తుతుంది. గొలుసు బిగుస్తుంది. అప్పుడు నీకు పన్లేదు, ముక్కు గోక్కో. కెరటం దాటితే తల దించుతుంది. గొలుసు వదులవుతుంది. ఆ వదులైనంత తీసుకో. అంతే, ఎక్కువ ఆశపడకు. గొలుసు నిటారుగా అయ్యాక కట్టేసి కూర్చో. ఇంకో కెరటం వచ్చి బోటుని ఎత్తినప్పుడు బోటే లంగరుని పెకిలిస్తుంది. ఎత్తేది సముద్రం. పోగుచేసుకునేది నువ్వు."

ఆ రోజు మెర్రిన్ లంగరు ఎత్తింది, దింపింది, మళ్ళీ ఎత్తింది. మొదటిసారి కంగారుపడి గొలుసు కట్టెయ్యడం మర్చిపోతే ఎత్తిందంతా గలగలమని తిరిగి నీళ్ళలోకి పోయింది. లీస్‌బెత్ తిట్టలేదు. గొలుసు ఉన్న చోట వేళ్ళు ఎప్పుడూ పెట్టకని మాత్రం తన కుడిచేతి చిటికెనవేలు చూపించింది. దానికి పై కణుపు లేదు.

మర్నాటి నుంచి బేలో అందరికీ మెర్రినే కావలసి వచ్చింది. గోంజాగ్‌కి తెరచాప కుట్టు చూసుకోవాలట, ఇంకొకరు తాడు పట్టుకుంటే బాగుంటుందట. అలా బోటు మీదికి తీసుకెళ్ళి, బే బయటి గాలిలోకి తిప్పి, తెరచాప ఎలా కుదించాలో చూపించాడు. ఆ పనికి తాళ్ళు ఉన్నవి రెండు. ఒకటి వదలాలి, ఒకటి బిగించాలి. మెర్రిన్ ఇన్నేళ్ళూ అదేదో బ్రహ్మవిద్య అనుకుంది.

"ఎప్పుడు కుదించాలి?" అని అడిగింది.

"కుదిద్దామా అని అనుమానం వచ్చినప్పుడే కుదించెయ్యాలి మేడమ్. ఇంకాసేపు చూద్దాం అనేది మా మగవాళ్ళ జబ్బు."

చొక్కా మాత్రం విప్పలేదు. పాపం, చెమటతో తడిసి ముద్దయ్యాడు. మెర్రిన్‌కి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "మీ బోటు, మీ ఒళ్ళు. మీ ఇష్టమొచ్చినట్టు ఉండండి గోంజాగ్," అంది. ఆయన వంగి దణ్ణం పెట్టి పై రెండు బొత్తాలు విప్పుకున్నాడు.

మరి ఆవిడ ఇలా ఊరు మీద పడి తిరుగుతుంటే డెంజిల్‌కి అనుమానం రాలేదా అంటే, రానిస్తేగా. మంచినీళ్ళ బోటు నడిపే ఎఫ్రెయిమ్ ఆ బాధ్యత తీసుకున్నాడు. బెక్వేలో పుట్టి పెరిగినవాడు, నోట్లో నాలుక ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. పెట్రెల్‌కి నీళ్ళు పట్టి, డబ్బుతో పాటు డెంజిల్‌ని కూడా పట్టుకుపోయేవాడు.

"కెప్టెన్, నా ఇంజను దగ్గుతోంది. ఈ దీవిలో ఎవడికీ అంతు చిక్కట్లేదు. ఒకసారి నువ్వు చెవి పెట్టి విను."

"నా చేతి సంగతి చూస్తున్నావుగా," అనేవాడు డెంజిల్.

"చేతులు నాకున్నాయి కెప్టెన్. చెవులే కావాలి."

డెంజిల్ ఇంజన్లలో ఘనుడు. గొంతు వింటే రోగం చెప్తాడు. పొద్దున పోయినవాడు మధ్యాహ్నం దాటాక వేయించిన చేపా, బ్రెడ్‌ఫ్రూట్ కాయా తిని, ఒంటినిండా నూనె మరకలతో, పెళ్ళికొడుకులా తిరిగొచ్చేవాడు. "ఆ ఎఫ్రెయిమ్ మంచివాడే గాని ఇంజను గురించి అక్షరం ముక్క రాదు," అని చెప్పుకునేవాడు. ఆ ఇంజనుకి నిజంగా దగ్గు ఉందో, డెంజిల్ కోసం తెచ్చిపెట్టుకున్నదో మెర్రిన్ అడగలేదు.

ఒకరోజు నీళ్ళు పడుతూ ఎఫ్రెయిమ్, డెంజిల్ లోపలున్నప్పుడు, గొట్టం కేసే చూస్తూ అన్నాడు.

"మిస్ మెర్రిన్, మా అమ్మ కూడా ఆ రోజు రేడియో వింది. ఆవిడకి తొంభై ఏళ్ళు. ఆ ఇద్దరూ విడిపోరుగదా, అని రోజూ నన్నడుగుతోంది. బోటు నుంచి, అని ఆవిడ ఉద్దేశం. ఏం చెప్పమంటావు?"

"ఇంకా తెలీదని చెప్పు," అంది మెర్రిన్. ఆ పూట ముసలమ్మ కోసం రొట్టె పంపించింది. ఎవరికి ఏమిచ్చినా తనకి అందినదానికి సరిపోదని ఆవిడకి తెలుసు. అందరూ అన్నీ విన్నారు, తన వెక్కిరింపులతో సహా. అయినా ఒక్కరన్నా అయ్యో పాపం అనలేదు, ఒక్క కంట్లోనూ జాలి కనపడలేదు. జాలి చూపించి ఉంటే తను తట్టుకోగలిగేదే. ఈ మర్యాదే తట్టుకోలేకపోయింది.

నెలాఖరు వచ్చింది. తెల్లారేసరికి గాలి తూర్పున పడి చక్కగా వీస్తోంది. లోపల కదిలే వస్తువులన్నీ కట్టేసి, గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి మంచినీళ్ళతో ఒక్కసారి తొలిచి, గుడ్ల పెట్టె తువ్వాళ్ళ మధ్య ఇరికించి, మెర్రిన్ డెక్ మీదికి వచ్చింది. డెంజిల్ చుక్కాని దగ్గర నిలబడి బే అంతా కలయజూస్తున్నాడు.

"ఇదేంటి, ఊరంతా లేచి కూర్చుంది?" అన్నాడు.

నిజమే. గోంజాగ్ నిన్ననే తోమిన బోటుని మళ్ళీ తోముతున్నాడు. లీస్‌బెత్ ముందు భాగాన కూర్చుని చిరిగిన తెరచాప కుడుతోంది. ఎఫ్రెయిమ్ నీళ్ళు అడిగినవాడెవడూ లేని చోట బోటు ఆపుకుని నిలబడ్డాడు. మిగతా బోట్లలో కాఫీ కప్పులతో మనుషులు. అందరూ ఆకాశం కేసి చూస్తున్నారు. ఆకాశంలో చూడ్డానికేమీ లేదు.

మెర్రిన్‌కి ఇక దాచబుద్ధి కాలేదు. "వాళ్ళకి తెలుసు డెంజిల్. మనం పోట్లాడుకున్న రోజు మైకు మీట నొక్కుకుపోయింది. మొదటి నుంచి చివరిదాకా అందరూ విన్నారు. నీ భుజం, దళారీ, మన పందెం, అన్నీ."

డెంజిల్ మొహం కందగడ్డ అయింది.

"అందరూనా?"

"ఎఫ్రెయిమ్ వాళ్ళమ్మతో సహా."

"అయితే నేనిక్కడ నిలబడను. వీళ్ళ ముందు ఆటబొమ్మనవను. లోపలికి పోతున్నా. దళారీకి ఫోన్ చేస్తా." చుక్కాని వదిలేసి మెట్ల వైపు కదిలాడు.

మెర్రిన్ మెట్లకి అడ్డం నిలబడింది. "ఇన్నాళ్ళూ తెలిసే వీళ్ళు నీతో మసిలారు. నిన్నెవరన్నా తేడాగా చూశారా? ఎఫ్రెయిమ్ నీ దగ్గరికొచ్చి ఎన్నిసార్లు సలహా అడిగాడు, జాలిపడే మనిషి నిన్ను నూనె బురదలో కూర్చోబెడతాడా? నన్ను ఒక్కొక్కరూ పిలిచి నేర్పారు. లంగరెత్తడం నేర్పారు, తెరచాప నేర్పారు. నాకు దారి రాదు, చుక్కాని రాదు, ఏ రాయి ఎక్కడుందో తెలీదు. అది నీ పని. నువ్వు లోపలికి పోతే నేను ఎత్తినా దండగే." ఊపిరి తీసుకుంది. "నీకు సిగ్గుగా ఉంది. నాకు వీళ్ళ ఋణం ఎలా తీరుతుందా అని ఉంది. నీ సిగ్గు కన్నా అది పెద్దది. కూర్చో."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మెర్రిన్ ఆయనతో ఆ గొంతుతో మాట్లాడలేదు. డెంజిల్ తిరిగి వెళ్ళి చుక్కాని దగ్గర కూర్చున్నాడు. కూర్చున్నాక గొణిగాడు. "మార్మలేడ్ సంగతి కూడా విన్నారా?"

"అది కూడా."

"దేవుడా," అని ఇంజను తిప్పాడు.

మెర్రిన్ ముందుకు వెళ్ళి గిర్ర మీట పట్టుకుంది. ఇది లీస్‌బెత్ బోటు కాదు, తన బోటు. ఎత్తకపోతే తన బోటు కాకుండా పోతుంది. చెయ్యి ఊపి వేలు ముందుకు చూపించింది. డెంజిల్ మెల్లగా బోటుని లంగరు మీదికి నడిపాడు. బోటు తల దించినప్పుడు గొలుసు తీసుకుంది. తల ఎత్తినప్పుడు ఆగింది. తీసుకుంది, ఆగింది. గొలుసు బురద కారుతూ పైకొచ్చి కింద దాని అరలోకి దిగుతోంది. నిటారయింది. మీట ఇంక కదల్లేదు.

లంగరు పట్టేసింది. ఇన్ని వారాలు బోటు కదలకుండా ఉండేసరికి అది అడుగున ఇసకలో పాతుకుపోయింది. పైగా ఆ వేళ బే తాంబాళంలా ఉంది. కెరటం అన్నది లేదు.

మెర్రిన్ ఒకసారి మీట మీద బరువంతా వేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. డెంజిల్ ఏమంటాడో ఆవిడకి తెలుసు. డెంజిల్ ఏమీ అనలేదు. ఇంకోసారి బరువు వెయ్యబోయి, ఆగి, గొలుసుని కొక్కేనికి కట్టేసింది. మీట వదిలేసి డెక్ మీద చతికిలబడింది. చుట్టూ బోట్లలో కాఫీ తాగేవాళ్ళు తాగడం మానేశారు. తల ఎత్తితే లీస్‌బెత్ కనిపిస్తుంది. మెర్రిన్ తల ఎత్తలేదు. వచ్చేది వచ్చినప్పుడు వస్తుందని గొలుసు కేసే చూస్తూ కూర్చుంది.

కింగ్‌స్టౌన్ నుంచి జనాన్ని తెచ్చే పెద్ద ఫెర్రీ బే మలుపు తిరిగింది. లోపలికొచ్చాక నెమ్మదించాలన్న జ్ఞానం దానికి ఏనాడూ లేదు. అది లేపే అలలకి బోట్లన్నీ ఊగిపోయి, కప్పులు పడి పగిలి, లంగరు వేసుకున్నవాళ్ళంతా రోజూ దాని వంశాన్ని తిట్టిపోస్తారు. ఆ పెద్ద అల గోంజాగ్ బోటుని ఎత్తింది, తర్వాత పెట్రెల్ ముక్కుని ఎత్తింది. గొలుసు కిర్రుమంది. పెట్రెల్ తల ఇంకా లేచింది, ఇంకా లేచింది, కింద ఎక్కడో ఒక బరువైన వస్తువు పట్టు వదిలినట్టు డెక్ అంతా జలదరించింది.

మెర్రిన్ ఎగిరి మీట అందుకుంది. గొలుసు బావిలో చేదలా తేలిగ్గా వచ్చేస్తోంది. గడ్డీ బురదా కప్పుకున్న లంగరు నీళ్ళలోంచి తల బయటపెట్టింది. మెర్రిన్ ఫెర్రీ వెళ్తున్న వైపు తిరిగి, ఇన్నాళ్ళూ తను తిట్టిన తిట్లన్నీ మనసులో వెనక్కి తీసుకుంది.

ఎవరో బూర ఊదారు. ఆ తర్వాత బే అంతా బూరలే. గోంజాగ్ గిన్నె మీద గరిటెతో కొడుతున్నాడు. ఎఫ్రెయిమ్ తన బోటు హారను మీద చెయ్యి తియ్యలేదు. మెర్రిన్ బురద చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. అందరూ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చింది. ఎన్ని బోట్లు, ఎంతమంది మనుషులు. ఎవరికని దణ్ణం పెట్టాలో తెలియలేదు.

తేరుకుని చూస్తే బోటు బే బయటికి కాకుండా పక్కకి తిరుగుతోంది.

"ఎటు పోతున్నావు?" అంది వెనక్కి వచ్చి.

డెంజిల్ ఇంజను తగ్గించి వ్లిండర్ పక్కకి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి తెచ్చాడు. అప్పుడు చుక్కాని వదిలేశాడు. మెర్రిన్ గబుక్కున పట్టుకుంది. ఆయన బాగున్న చేత్తో టోపీ తీశాడు.

"లీస్‌బెత్," అన్నాడు. "లంగరు దగ్గర మీట వదిలేసి కూర్చోడం మా ఇంట్లో లేదు. ఒంటరిగా తిరిగేవాళ్ళకే అది చేతనవుతుంది. ఎవరు నేర్పారో చూడగానే తెలిసింది. నువ్వు లేకపోతే ఈ బోటు నాకు లేదు. ఎలా చెప్పాలో నాకు రాదు. చాలా థాంక్స్."

లీస్‌బెత్ సూది తెరచాపకి గుచ్చి పక్కన పెట్టింది.

"మా ఆయన యూస్ట్ పోయినప్పుడు ఈ బోటు ఒక ఖాళీ దీవి దగ్గర ఉంది," అంది. గొంతు ఎప్పట్లాగే పొడిగా ఉంది. "మనిషిని ఒడ్డున పూడ్చొచ్చాను. లంగరెత్తడం నాకు రాదు. ఆయనున్నన్నాళ్ళూ ఆ గొలుసు ముట్టుకోలేదు. అడగాలంటే చుట్టుపక్కల బోటన్నది లేదు. ఆయన సమాధి ఎదురుగానే, ఏడుస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. ఈ వేలి కణుపు అప్పుడు పోయిందే. మొన్న రేడియోలో మీ ఆవిడ, నువ్వు పక్కన ఉండి అరవగలిగినప్పుడే నేర్చుకోనీ అంది చూడు, నేను రేడియో కట్టేద్దామని లేచినదాన్ని కూర్చుండిపోయాను. ఆ మాట అడగడం నాకు తట్టలేదు డెంజిల్. ఆయన ఉన్నాడుగా అనుకున్నాను." సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నాకెందుకు థాంక్సు. నీ భుజానికి చెప్పుకో. అది వేళకి చెడింది. వెళ్ళండి, గాలి బాగుంది."

మెర్రిన్ చుక్కాని మీంచి ఒక చెయ్యి ఎత్తింది. లీస్‌బెత్ చిటికెనవేలు తెగిన చెయ్యి ఎత్తి ఊపి, కుట్టులోకి తల వంచుకుంది.

పెట్రెల్ బే దాటింది. చుక్కాని మెర్రిన్ చేతిలోనే ఉండిపోయింది. డెంజిల్ టోపీ పెట్టుకోవడం మర్చిపోయి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కట్టు కట్టిన భుజాన్ని ఎడం చేత్తో మెల్లగా నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు.